యుద్ధం నుంచి వచ్చిన డిప్యూటీ: గాయాన్ని కలలో కాదు, డ్యూటీలో చూపించండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. మీరు తెలుగులో ఒక నేర పరిశోధన నవల రాస్తున్నారు. అఫ్ఘనిస్తాన్‌లో పనిచేసి వచ్చిన ఒక సైనికుడు అమెరికాలోని తన చిన్న ఊరికి తిరిగివచ్చి షెరీఫ్ కార్యాలయంలో డిప్యూటీగా చేరతాడు. కొంత కాలానికి ఊరి చివర ఒక శవం దొరుకుతుంది. తెల్లవారుజామున మూడింటికి అతను పీడకల నుంచి అరుస్తూ లేవడంతో మీ మొదటి అధ్యాయం మొదలవుతుంది. చదివిన మిత్రులు నేర కథ బాగుందని, సైనికుడి బాధ మాత్రం పైనుంచి అతికించినట్టుగా ఉందని అన్నారు. అమెరికా చూడని మీరు దీన్ని ఎలా సరిదిద్దుకోవాలని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. యుద్ధం అతనికి చేసిన గాయమూ, అతన్ని మంచి డిప్యూటీని చేసే నేర్పూ ఒకటే అయి ఉండాలి. రోడ్డు పక్కన మట్టి కదిలి ఉంటే అతని చూపు అక్కడ ఆగిపోతుంది. ఆ చూపే ఒక రోజు శవాన్ని పట్టిస్తుంది, మరో రోజు అంబులెన్సును అనవసరంగా ఆపేస్తుంది. రెండూ ఒకే అలవాటు నుంచి పుట్టాయని పాఠకుడికి అందిన క్షణం నుంచి అతికింపు అన్న మాట రాదు. అయితే దానికన్నా ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. అతను పనిచేసే కౌంటీని (మన జిల్లా వంటిది), ఆ ఉద్యోగపు కట్టుబాట్లను పాత్రకన్నా ముందే కట్టుకోవాలి. చిన్న ఊరి నేర కథను నడిపించేది హంతకుడి తెలివికన్నా, ఆ ఊళ్లో ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్న లెక్కే.

ఈ మాటలు నేను ఎక్కడినుంచి చెబుతున్నానో మీకు తెలియాలి. గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో శిక్షణ ముగించుకుని, 1990ల చివరలో అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న కౌంటీకి వైద్యుడిగా వచ్చాను. వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయడానికి ఒప్పుకున్న విదేశీ వైద్యులు స్వదేశానికి తిరిగివెళ్లకుండానే ఇక్కడ కొనసాగే వీలు కల్పించే పథకం 1994లో మొదలైంది. అమెరికా పల్లెలలో మీకు కనిపించే తెలుగు వైద్యులలో చాలామంది ఆ దారిన వచ్చినవారే. మూడేళ్ల కోసం వచ్చిన నేను ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోయాను. అందులో ఎక్కువ కాలం క్లినిక్ పనితోపాటు కౌంటీ మెడికల్ ఎగ్జామినర్‌గా కూడా పనిచేశాను. అంటే హఠాన్మరణమో, ప్రమాదమో, హత్యగా తోచే మరణమో జరిగితే ఏ వేళనైనా వెళ్లి శవాన్ని చూసి, శవపరీక్ష అవసరమా కాదా అన్నది తేల్చడం నా బాధ్యత. అలాంటి ప్రతి చోటా నాకన్నా ముందు అక్కడ నిలబడి ఉండేది ఒక డిప్యూటీ. పగటి పూట అదే డిప్యూటీ రక్తపోటు చూపించుకోవడానికి నా క్లినిక్కుకు వచ్చేవాడు. కింద చెప్పే ఉదంతాలలో మనుషులను గుర్తుపట్టగలిగే వివరాలన్నీ మార్చాను.

మొదటి చిక్కు డిప్యూటీ అన్న మాటలోనే ఉంది. తెలుగు పాఠకుడికి డిప్యూటీ అనగానే డీఎస్పీ గుర్తుకు వస్తాడు, కింద సీఐలు, ఎస్సైలు ఉన్న పెద్ద అధికారి మనసులో మెదులుతాడు. షెరీఫ్ అంటే ముంబయి, కోల్‌కతా నగరాలలోని గౌరవ పదవి తప్ప మన అనుభవంలో మరొకటి లేదు. ఇక్కడ డిప్యూటీ అంటే షెరీఫ్ తరఫున ప్రమాణం చేసి తుపాకీ, బ్యాడ్జీ పెట్టుకున్న మామూలు ఉద్యోగి. మన లెక్కలో కానిస్టేబుల్‌కు, ఎస్సైకి మధ్య ఎక్కడో ఉంటాడు. సమన్లు ఇస్తాడు, జైలు నుంచి ఖైదీని కోర్టుకు తీసుకువెళతాడు, రోడ్డు మీదకు వచ్చిన ఆవులను తోలుతాడు, భార్యాభర్తల గొడవ మధ్యలో నిలబడతాడు. మీ రెండో అధ్యాయంలో అతను అయిదుగురికి ఆజ్ఞలిస్తున్నాడు. నిజానికి రాత్రి పూట కౌంటీ మొత్తానికి ఒకే డిప్యూటీ కారులో తిరుగుతూ ఉండడం, తోడు రావలసిన రెండోవాడు అరగంట దూరంలో నిద్రలో ఉండడం మాకు మామూలు. ఆ ఒంటరితనం మీ కథకు దొరికిన పెద్ద సంపద, దాన్ని ఆజ్ఞలిచ్చే హోదాకు మార్చుకోవద్దు.

కౌంటీ పోలీసులకు పెద్ద అయిన షెరీఫ్ మాత్రం ఎన్నికై వచ్చినవాడు. అమెరికాలో మూడువేలకు పైగా కౌంటీలు ఉన్నాయి, వాటిలో అత్యధికం తమ షెరీఫును ఓటు వేసి ఎన్నుకుంటాయి, చాలా రాష్ట్రాలలో పదవీకాలం నాలుగేళ్లు. అయోవాలో 99 కౌంటీలకు 99 మంది షెరీఫులు, అధ్యక్ష ఎన్నిక జరిగే సంవత్సరంలోనే వారి ఎన్నికా జరుగుతుంది. ప్రాసిక్యూషన్ చూసే కౌంటీ అటార్నీ కూడా ఎన్నికైనవాడే. కాబట్టి హతుడి కుటుంబానికి, అనుమానితుడి కుటుంబానికి, వారిద్దరి చుట్టాలకు కూడా ఓట్లు ఉంటాయి. షెరీఫ్ ఎప్పుడైనా డిప్యూటీని తీసేయగలడా అన్నది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. కొన్ని చోట్ల డిప్యూటీ ఉద్యోగం షెరీఫ్ ఇష్టం మీద నిలబడి ఉంటుంది, అయోవా వంటి చోట్ల సివిల్ సర్వీసు రక్షణ ఉంది, అంటే సరైన కారణం చూపకుండా తీసేయలేరు. కథ ఏ రాష్ట్రంలో జరుగుతుందో ఈ రోజే తేల్చుకోండి. ‘అమెరికాలో ఒక ఊరు’ అన్నది చాలదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. మీ చివరి అధ్యాయంలో హంతకుడికి మరణశిక్ష పడుతుంది. అయోవాలో మరణశిక్ష 1965లోనే రద్దయింది, ఇక్కడ మొదటి తరగతి హత్యకు పెరోల్ లేని జీవిత ఖైదు పడుతుంది. ఇండియానా రాష్ట్రంలో, షెరీఫును అరెస్టు చేసే అధికారం కౌంటీ కరోనర్‌కు, అంటే మరణాలను విచారించే అధికారికి, చట్టం ఇచ్చింది. నవలాకారుడికి ఇలాంటి వివరం ఒక్కటే ఒక పూర్తి కథ కాగలదు.

యుద్ధం నుంచి వచ్చినవారికి, షెరీఫు కార్యాలయానికి మధ్య సంబంధం ఎంత ముదరగలదో తెలియాలంటే టెనెసీ రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణంలో 1946 ఆగస్టులో జరిగినది చదవండి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన యువకులు తమ మెక్‌మిన్ కౌంటీలో షెరీఫు, అతని డిప్యూటీలు రాజకీయ ముఠాగా మారి, అరెస్టుకు ఇంత అని వచ్చే రుసుము కోసం జనాన్ని వేధించడం చూశారు. తమ అభ్యర్థులను తామే నిలబెట్టారు. ఎన్నిక రోజున డిప్యూటీలు ఓట్ల పెట్టెలను జైలులోకి తీసుకుపోతే, ఆయుధాగారం నుంచి తుపాకులు తెచ్చి జైలును ముట్టడించి, తెల్లవారేసరికి ఆ పెట్టెలను విడిపించారు. వారి అభ్యర్థి షెరీఫ్ అయ్యాడు. నవలలో ఒంటరి సైనికుడు ఒక్కడే ఊరితో తలపడడం మనకు అలవాటైన బొమ్మ. చరిత్రలో మాత్రం వాళ్లు గుంపుగా తిరిగివచ్చారు.

గుంపుగా రావడం అన్న ఆ విషయం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మీ నవలకు ఇదే కీలకమని నా నమ్మకం. అయోవాలో చిన్న ఊళ్ల నుంచి యుద్ధానికి వెళ్లినవారిలో చాలామంది నేషనల్ గార్డ్ సభ్యులు. అంటే నెలకు ఒక వారాంతం, ఏడాదికి రెండు వారాలు శిక్షణ చేస్తూ, మిగిలిన కాలమంతా రైతుగానో, వెల్డరుగానో, బడి పంతులుగానో బతికేవారు. 2010లో 34వ పదాతి డివిజనుకు చెందిన అయోవా బ్రిగేడు దాదాపు 2,800 మందితో అఫ్ఘనిస్తాన్ వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఈ రాష్ట్రపు గార్డ్ అంత పెద్ద సంఖ్యలో కదలడం అదే మొదటిసారి. ఒకే కౌంటీ నుంచి, ఒకే ఉన్నత పాఠశాల ఫుట్‌బాల్ జట్టు నుంచి, కొన్నిచోట్ల ఒకే ఇంటి నుంచి కూడా మనుషులు కలిసి వెళ్లి, ఏడాది తరువాత కలిసి తిరిగివచ్చారు. మీ డిప్యూటీ అలాంటివాడైతే, అఫ్ఘనిస్తాన్‌లోని లఘ్‌మాన్ లోయలో ఏం జరిగిందో తెలిసిన మనిషి ఇప్పుడు ధాన్యం గిడ్డంగిలో తూకం వేస్తున్నాడు, మరొకడు మందుల దుకాణంలో కౌంటర్ వెనక ఉన్నాడు, అప్పటి సార్జెంటు ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటాడు. రహస్యం అతని కలలో ఉండవలసిన అవసరమే లేదు, అది ఊళ్లోనే నలుగురి నోళ్లలో మూసిపెట్టి ఉంది. ఆ నలుగురిలో ఒకరు మీ కేసులో అనుమానితుడు అయితే కథ తన కాళ్ల మీద తాను నడుస్తుంది. స్వప్రయోజనం అడ్డువస్తుందని డిప్యూటీ పక్కకు తప్పుకోవాలి, కాని పంపడానికి షెరీఫు దగ్గర ఇంకో మనిషి లేడు.

వయసు లెక్క కూడా వేసుకోండి. 2010లో ఇరవై రెండేళ్లవాడు 2024 నాటికి ముప్పై ఆరేళ్లవాడు. మీ నవలలో అతను ఇరాక్‌లోని ఫలూజాలో కూడా పోరాడినట్టు రాశారు. ఆ పెద్ద పోరాటం 2004 నవంబరులో జరిగింది, అప్పటికి మీ పాత్రకు పదహారేళ్లు.

ఇక గాయం సంగతి. పీటీఎస్‌డీ (తీవ్రమైన ఆఘాతం తరువాత మిగిలే మానసిక రుగ్మత) అన్న పేరు అమెరికన్ మానసిక వైద్యుల అధికారిక గ్రంథంలోకి 1980లో చేరింది. దీనినే అమెరికా అంతర్యుద్ధ కాలంలో సైనికుడి గుండె అన్నారు, మొదటి ప్రపంచ యుద్ధంలో షెల్ షాక్ అన్నారు. పుస్తకాలలో లక్షణాలు నాలుగు గుంపులుగా కనిపిస్తాయి: జ్ఞాపకం మీద పడడం, దానికి దారితీసే ప్రతిదాన్నీ తప్పించుకోవడం, మనసు మొద్దుబారి తనమీద తనకే చెడు నమ్మకాలు ఏర్పడడం, ఒళ్లంతా ఎప్పుడూ అప్రమత్తంగా బిగిసి ఉండడం. నవలలన్నీ మొదటిదాన్నే పట్టుకుంటాయి, ఎందుకంటే పీడకల రాయడం తేలిక. నా క్లినిక్కులో ఎక్కువగా కనిపించింది రెండోది, నాలుగోది. ఆ రెండూ చిన్న ఊళ్లో సద్గుణాల వేషం వేసుకుంటాయి. రాత్రి డ్యూటీని అడిగి మరీ తీసుకునే డిప్యూటీని ఊరు కష్టజీవి అంటుంది. చీకట్లో పడుకోలేక అలా చేస్తున్నాడని భార్యకు మాత్రమే తెలుసు. సెలవు పెట్టనివాణ్ణి షెరీఫ్ మెచ్చుకుంటాడు. ప్రతి ఇంటి తలుపు గడియనూ పరీక్షించి వెళ్లేవాణ్ణి ముసలమ్మలు దీవిస్తారు. రెస్టారెంటులో గోడకు వీపు ఆనించి, ద్వారం కనిపించేలా కూర్చునేవాణ్ణి అందరూ జాగ్రత్తపరుడనే అనుకుంటారు. ఇలాంటివాడు అరుస్తూ లేవడు, అసలు పడుకోడు.

నేను చూసిన ఒక మనిషి గురించి చెబుతాను. ఇరాక్‌లో కాన్వాయ్‌లు నడిపి వచ్చినవాడు, మా కౌంటీలో డిప్యూటీగా ఆరేళ్లు పనిచేశాడు. నవంబరులో జింకలు రోడ్ల మీదకు ఎక్కువగా వస్తాయి, వాహనాల కింద పడి చస్తాయి. అలాంటి ఒక సాయంత్రం కంకర రోడ్డు మీద పికప్ ట్రక్కు బోర్లాపడింది. ముందుగా చేరిన ఇతను వెనుక వస్తున్న అంబులెన్సును రెండు వందల గజాల అవతలే ఆపేశాడు. రోడ్డు అంచున చచ్చిన జింక పడి ఉంది, దాని పక్కన మట్టి తవ్వినట్టుంది. ఇరాక్‌లో జంతువుల కళేబరాలలో బాంబులు దాచేవారు. నాలుగు నిమిషాల పాటు అతను జింకనే చూస్తూ నిలబడ్డాడు, అంబులెన్సు వాళ్లు అరుస్తున్నారు, అతనికి వినిపించలేదు. ట్రక్కు నడిపిన కుర్రవాడు బతికాడు, అయినా ఆ నాలుగు నిమిషాల గురించి ఊరు నెలల తరబడి మాట్లాడుకుంది. ఏడాదిన్నర తరువాత మంచు కరిగే రోజులలో, అప్పటికి చాలాకాలంగా కనిపించకుండా పోయిన ఒక పెద్దాయన కోసం వెతుకుతున్నారు. నలభై మంది నడిచి వెతికిన దారిలో ఇతను కారు ఆపి, ఒక తూము దగ్గర దిగాడు. తూము నోటి దగ్గర కంకర రంగు వేరుగా ఉందన్నాడు. శవం అక్కడే ఉంది. నేను వెళ్లి చూసి, ఎలా కనిపెట్టావని అడిగాను. ‘ఇక్కడ కంకర రోడ్డు కంకర కాదు, డాక్టర్, ఎవరో తెచ్చి పోశారు’ అన్నాడు. రెండు సార్లూ అతను చేసింది ఒక్కటే పని. మొదటిసారి ఊరు అతన్ని మతి చెడినవాడంది, రెండోసారి పత్రికలో ఫొటో వేసింది. ఆ ఫొటో చూసి అతను సంతోషించలేదు. జింక దగ్గర తాను నిజంగా తప్పు చేశాడో లేదో ఇక ఎప్పటికీ తెలియదని నాతో అన్నాడు. మీ నవల ఆ మాట దగ్గర ఉండాలని నేను కోరుకుంటున్నాను.

జ్ఞాపకాన్ని లేపేవి ఏవి అన్న విషయంలో కూడా రచయితలు తుపాకీ మోతను, బాణసంచాను దాటి పోరు. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4న బాణసంచా కాలుస్తారని క్యాలెండరు ముందే చెబుతుంది, చాలామంది ఆ రాత్రికి తయారై ఉంటారు, కొందరు ఊరు విడిచి వెళతారు, కొందరు దగ్గరలో కాల్చవద్దని ఇంటి ముందు బోర్డు పెడతారు. చెప్పకుండా వచ్చేది వాసన. డీజిలు, కాలిన ప్లాస్టిక్, కాలిన మాంసం వాసన. పందుల పెంపకపు షెడ్డు తగలబడితే వందల జంతువులు చస్తాయి. అలాంటి ఒక రాత్రి ఒక డిప్యూటీ అందరికన్నా నిబ్బరంగా పనిచేశాడు. పదకొండో రోజున వీధిలో తారు వేస్తున్న యంత్రం పక్క నుంచి నడుస్తూ కూలబడ్డాడు. ఆలస్యాన్ని కథలో వాడుకోండి. శవం దొరికిన రోజున అతను ఏ తడబాటూ లేకుండా ఉండి, పాఠకుడు శవాన్ని మరచిపోయే సమయానికి కుదేలు కావడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

భయానికి, అపరాధ భావానికి తేడా పాటించండి. వియత్నాం యుద్ధపు సైనికులకు బోస్టన్‌లో చికిత్స చేసిన మనోవైద్యుడు జొనాథన్ షే, సరైనదానికి ద్రోహం జరిగినందువల్ల కలిగే గాయం వేరని గుర్తించి, దాన్ని నైతిక గాయం అన్నాడు. చావు దగ్గరగా వచ్చిన భయం ఒకటి, తాను చేసినదాన్నో చేయలేకపోయినదాన్నో, తన పై అధికారులు చేయించినదాన్నో మోయలేకపోవడం మరొకటి. రెండోదానికి కారణం చట్టప్రకారం నేరమే కానక్కరలేదు. నియమాల ప్రకారం కాల్చి, ఎవరూ తప్పుపట్టక, పతకం కూడా పొంది, ఆ కాల్పును క్షమించుకోలేని మనుషులను నేను చూశాను. అందుకే చివరి అధ్యాయంలో బయటపడే ఒక పెద్ద యుద్ధ రహస్యం మీద మీ కథను నిలబెట్టవద్దు. అతను ఏం చేశాడో పాఠకుడికి మొదటి మూడో వంతులోనే చెప్పేయండి. దానితో అతను రేపు ఉదయం డ్యూటీకి ఎలా వెళతాడన్నదే అసలు ఉత్కంఠ.

బాంబు పేలుళ్ల వల్ల మెదడుకు తగిలిన దెబ్బ ఇరాక్, అఫ్ఘనిస్తాన్ యుద్ధాలు రెండింటికీ ప్రత్యేకమైన గాయం. పైకి ఏమీ కనిపించదు. తలనొప్పి, వెలుతురు భరించలేకపోవడం, పేర్లు మరచిపోవడం ఉంటాయి. అలాంటివాడు ప్రతిదీ చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటాడు. ఆ పుస్తకం కేసులో సాక్ష్యం అవుతుంది, ప్రతివాది న్యాయవాది దాన్ని అడుగుతాడు, అందులో రెండు పేజీలు చింపి ఉంటాయి. ఇక్కడ ఒక చట్టం గురించి మీకు తెలియాలి. అమెరికా సుప్రీంకోర్టు 1963లో, 1972లో ఇచ్చిన రెండు తీర్పుల వల్ల, సాక్షి అయిన పోలీసు గతంలో అబద్ధమాడినట్టు ప్రాసిక్యూటరుకు తెలిస్తే ఆ సంగతి ప్రతివాదికి చెప్పి తీరాలి. నివేదికలో ఒక్క అబద్ధం బయటపడితే ఆ డిప్యూటీని సాక్షిగా నిలబెట్టడం కష్టమవుతుంది, అంటే అతని ఉద్యోగం ముగిసినట్టే. జింక దగ్గర గడిచిన నాలుగు నిమిషాలను నివేదికలో ఒక నిమిషంగా రాస్తే ఏమవుతుందో ఊహించండి. మత్తులో తేలే నాయకుడికన్నా ఇది చాలా పదునైన ప్రమాదం.

తాగుడు గురించి ఒక్క మాట చాలు. ఊళ్లో ఉన్న ఒకే బార్‌లో డిప్యూటీ తప్పతాగడు, పక్క కౌంటీకి కారులో వెళ్లి తాగుతాడు. చికిత్స కూడా అంతే. మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే వీఏ ఆసుపత్రికి రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్లి, పార్కింగులో అరగంట కూర్చుని వెనక్కి వచ్చినవారు నాకు తెలుసు. తుపాకీ తీసేసుకుంటారేమో అన్నది వారి భయం. తానుగా వెళ్లి సలహాదారుతో మాట్లాడినంత మాత్రాన ఫెడరల్ చట్టం తుపాకీ తీసేయదు. అధికారికంగా బలవంతపు ఆసుపత్రి నిర్బంధం జరిగితే తీసేస్తుంది. గృహ హింస కేసులో చిన్న నేరం రుజువైనా 1996 చట్ట సవరణ ప్రకారం తుపాకీ పోతుంది, పోలీసులకు మినహాయింపు లేదు. మీ నాయకుడు భార్యను కొట్టే దృశ్యం ఆరో అధ్యాయంలో ఉంది. పశ్చాత్తాపంతో సర్దుబాటయ్యే సంఘటనగా దాన్ని రాశారు. అది అలా సర్దుబాటు కాదు, కాకూడదు కూడా. ఉంచితే పూర్తి పర్యవసానంతో ఉంచండి, లేదా తీసేయండి.

ఒక హెచ్చరిక మనసుపూర్వకంగా చెబుతాను. యుద్ధం నుంచి వచ్చినవారిలో ఎక్కువమందికి ఈ రుగ్మత రాదు, వచ్చినవారిలో ఎక్కువమంది ఎవరికీ హాని చేయరు. యుద్ధం మనిషిని ట్రిగ్గరు మీద వేలు పెట్టి ఉంచుతుందన్న నమ్మకానికి ఎదురు నిలిచే ఉదంతం వెస్ట్ వర్జీనియాలోని వియర్టన్ పట్టణంలో 2016లో జరిగింది. చేతిలో తుపాకీతో, తనను కాల్చమని అడుగుతున్న ఒక యువకుడి ఎదుట అఫ్ఘనిస్తాన్‌లో పనిచేసి వచ్చిన ఒక పోలీసు నిలబడ్డాడు. ఇతను నన్ను చంపడానికి రాలేదు, చావడానికి వచ్చాడని గ్రహించి, కాల్చకుండా మాట్లాడుతూ ఉన్నాడు. అంతలో వచ్చిన సహచరులలో ఒకరు కాల్చారు, యువకుడు మరణించాడు. అతని తుపాకీలో గుళ్లు లేవని తరువాత తేలింది. కాల్చని పోలీసును కొన్ని వారాలకు ఉద్యోగం నుంచి తీసేశారు. అతను దావా వేశాడు, 2018లో నగరం 1,75,000 డాలర్లు చెల్లించి రాజీపడింది. యుద్ధం అతనికి నేర్పింది ఆగడం.

దర్యాప్తు పద్ధతి మీద మీరు ఎక్కువ శ్రమ పడవద్దు, కాని క్రమం తప్పకూడదు. ఫోను అత్యవసర నంబరు 911కు వెళుతుంది, దగ్గరలో ఉన్న డిప్యూటీ ఒంటరిగా చేరతాడు, చోటును కాపాడతాడు, మెడికల్ ఎగ్జామినర్‌ను పిలుస్తారు. హత్య అనిపిస్తే షెరీఫు రాష్ట్ర నేర పరిశోధన విభాగాన్ని కోరతాడు, వారి ఏజెంట్లు గంట రెండు గంటల తరువాత వస్తారు. శవం ఆంకెనీలోని రాష్ట్ర మెడికల్ ఎగ్జామినర్ దగ్గరకు వెళుతుంది. చిన్న కౌంటీలలో హత్య కేసు వాదించడానికి రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం నుంచి సాయం వస్తుంది. అంటే కేసు మీ డిప్యూటీ చేతిలో మిగలదు. దీన్ని లోపంగా చూడవద్దు. బయటి నుంచి వచ్చిన ఏజెంటుకు ప్రయోగశాల ఉంది, మీ డిప్యూటీకి ఏ ఇంటి కుక్క ఎవరిని చూస్తే మొరగదో తెలుసు.

మరణవార్త చెప్పే పని మాత్రం డిప్యూటీదే. నా అనుభవంలో నవలలన్నీ దాన్ని రెండు వాక్యాలలో దాటేస్తాయి. నేను ఒకసారి అలాంటి డిప్యూటీ వెంట వెళ్లాను. అతను టోపీ తీసి, తల్లికి ‘మీ అబ్బాయి చనిపోయాడు’ అని ఆ మాటే వాడి చెప్పాడు. వెళ్లిపోయాడని అనలేదు, ఇక లేడని అనలేదు. తరువాత ఆవిడ ఏం చేయాలో తెలియక గిన్నెలు కడగడం మొదలుపెడితే, పక్కన నిలబడి తుడిచి పెట్టాడు. గంటసేపు అక్కడే ఉన్నాడు. కారులోకి వచ్చాక, తన స్నేహితుడి తల్లికి ఇద్దరు సైనికాధికారులు ఈ మాట చెప్పడానికి వెళ్లినప్పుడు తాను వేల మైళ్ల దూరంలో ఉన్నానని మాత్రం అన్నాడు.

తెలుగులో రాస్తున్నందువల్ల మీకు మాత్రమే దొరికిన పనిముట్టు ఒకటుంది. ఇంగ్లీషులో అందరినీ పిలవడానికి ఒకే మాట, మనకు నువ్వు, మీరు ఉన్నాయి. మీ రాతప్రతిలో అందరూ అందరినీ మీరు అంటున్నారు, అనువాదంలా వినిపించడానికి సగం కారణం అదే. లఘ్‌మాన్‌లో ఒకే బంకరులో పడుకున్న ఇద్దరు నువ్వు అనుకుంటారు. ఆ స్నేహితుణ్ణి అనుమానితుడిగా ఎదురుగా కూర్చోబెట్టి, 1966 నుంచి తప్పనిసరైన హక్కుల హెచ్చరిక చదవవలసి వచ్చినప్పుడు ‘మౌనంగా ఉండే హక్కు మీకు ఉంది’ అని డిప్యూటీ నోటి నుంచి మొదటిసారి మీరు రావాలి. స్నేహితుడు తలెత్తి చూడాలి. ఆ దెబ్బ ఇంగ్లీషులో రాసేవారెవరూ కొట్టలేరు.

అమెరికా చూడలేదన్న దిగులు అంతగా అక్కరలేదు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం వంటి ఊళ్లు మీకు దగ్గరలోనే ఉన్నాయి, తరతరాలుగా సైన్యంలో పనిచేసిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. యుద్ధం గురించి అడగవద్దు. సెలవుకు వచ్చిన మొదటి రాత్రి ఇంట్లో ఏం చేసేవారని వారి భార్యలను అడగండి. వస్తువుల సంగతికి వస్తే ఒక్కటి మీకు ఇస్తాను. సైన్యపు మిగులు సామగ్రిని పోలీసులకు ఇచ్చే ఫెడరల్ పథకం కింద 2013 ప్రాంతం నుంచి మందుపాతరలను తట్టుకునే భారీ కవచ వాహనాలు చిన్న కౌంటీలకు కూడా వచ్చాయి. అఫ్ఘనిస్తాన్‌లో మీ డిప్యూటీ కూర్చున్నలాంటి బండి ఇప్పుడు కౌంటీ షెడ్డులో, మంచు తోసే ట్రక్కు పక్కన ఉంటుంది. ప్రతి రోజూ తాళం తీసి దాని పక్కనుంచే అతను తన కారు దగ్గరకు నడవాలి.

మీరు ఇప్పుడు చేయవలసినది: పీడకల దృశ్యాన్ని పూర్తిగా తీసేయండి. డిప్యూటీ శవం దగ్గరకు చేరిన క్షణం నుంచి రాష్ట్ర ఏజెంట్లు వచ్చేవరకు గడిచే రెండు గంటలను మొదటి అధ్యాయంగా రాయండి. ఫిబ్రవరి, చీకటి, సున్నాకు దిగువన ఉష్ణోగ్రత, మొక్కజొన్న కోసేసిన ఖాళీ చేలు, రేడియోలో డిస్పాచర్ గొంతు ఒక్కటే తోడు. అతను శవాన్ని కాపాడాలి, కారులోకి వెళ్లి వెచ్చగా కూర్చోవచ్చు, కాని కూర్చోడు. ఎందుకు కూర్చోడో మీరు చెప్పవద్దు, అతను ఎటువైపు ముఖం పెట్టి నిలబడ్డాడో మాత్రం చెప్పండి. అది రాసి పెట్టండి, నేను చదివి చెబుతాను.